ఎండిన బావికి పెరెన్నియల్ అని రాశాను

ముప్పై ఏడేళ్లకే రిటైరయ్యానంటే జనం రెండు రకాలుగా చూస్తారు. లాటరీ తగిలిందా అన్నట్టు కొందరు, ఉద్యోగంలోంచి తీసేశారా అన్నట్టు కొందరు. తీసేసింది నా కుడి మణికట్టు. అనంతపురంలో ఆఫీసుల వీధిలో పదహారేళ్లు కూర్చుని జనం చెప్పిందాన్ని ఇంగ్లీషులో టైపు చేశాను. ఒకరోజు వేళ్లకెక్కిన తిమ్మిరి దిగనంటే దిగనంది. డాక్టరు చీటీ మీద 'క్రానిక్' అని రాశాడు. ఆ మాటను కొన్ని వందలమంది మోకాళ్లకూ నడుములకూ నా చేత్తోనే తగిలించాను. నాకు తగిలినప్పుడు మొదట చూసుకున్నది స్పెల్లింగు. తప్పేమీ లేదు.

వీడ్కోలు సభ అంటూ ఏమీ జరగలేదు. పక్క జిరాక్సు షాపతను వచ్చి, "శీనన్నా, నీ టేబుల్ ఫ్యాను నేను తీసుకుంటా" అన్నాడు. తీసుకున్నాడు. సభ ముగిసింది.

ఆ కుర్చీలో రేపు ఇంకెవరో కూర్చుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మార్జిన్లు, ఫాంట్లు రెండు రోజుల్లో వస్తాయి. అవి చెప్పడానికి నేనెందుకు? నేను చెప్పేది ఒక రకం మాటల గురించి. ఎక్కువ కాలం ఉండేవాటికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న విశేషణాల గురించి. ఇంత చిన్న సంగతికి ఇన్ని పేజీలా అనిపిస్తే, ఓబులమ్మక్క బావి దాకా ఓపిక పట్టండి.

శానా దినాల నుంచి

కలెక్టరాఫీసుకు తెలుగు అర్జీ చాలు. ఊరు దాటి, రాష్ట్రం దాటి పోయే కాగితానికే ఇంగ్లీషు కావాలి. ఎక్కడో ఉన్న ఇన్సూరెన్సు ఆఫీసుకు, మోటారు తయారుచేసిన కంపెనీకి, బెంగళూరులో ఏదో ట్రస్టుకు. అలాంటి కాగితాలే మా షాపు బతుకు.

మా దగ్గరికి వచ్చేవాళ్లు కాలాన్ని ఒకే మాటతో కొలుస్తారు. "శానా దినాల నుంచి ఉండాదప్పా." మోకాలి నొప్పి శానా దినాల నుంచి ఉంటుంది. గట్టు తగాదా శానా దినాల నుంచి ఉంటుంది. ఇంటి ముందర మురుగు, అల్లుడి కోపం, ఇంటివెనక చింతచెట్టు, అన్నీ శానా దినాల నుంచే. వినేవాడు అదే ఊరివాడైతే ఇది ఏ రకం 'శానా'యో చెప్పేవాడి ముఖం చూసి తెలుసుకుంటాడు. ఇంగ్లీషు కాగితానికి ముఖం ఉండదు. అందుకేనేమో, వాళ్లు ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకున్నారు. వదలని జబ్బు క్రానిక్. తెగని తగాదా లాంగ్ స్టాండింగ్. అరగని వస్తువు డ్యూరబుల్. మారని చిరునామా పర్మనెంట్. ఏడాది పొడుగునా పారే నది పెరెన్నియల్. ఎప్పటికీ చావు లేనిది ఎటర్నల్.

కొత్తలో నేను వీటన్నిటినీ ఒకే డబ్బాలో బిస్కెట్లనుకున్నాను. చేతికి ఏదొస్తే అది. అందులోనూ పొడుగు మాటంటే మోజు. మాట పొడుగైతే పని త్వరగా అవుతుందని మా వీధిలో టైపు కొట్టేవాళ్లందరికీ ఒక నమ్మకం. ఆ నమ్మకం లేని మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. నా దురదృష్టం కొద్దీ ఆయన దగ్గరే చేరాను.

మాబు సార్

మాబు సార్ వకీళ్ల దగ్గర టైపిస్టుగా మొదలుపెట్టి సొంతంగా షాపు పెట్టుకున్నాడు. మండుటెండలో కూడా చొక్కా చేతులకు బొత్తాలు పెట్టుకునే మనిషి. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినా ఆయన వేళ్లకు ఆ కబురు అందలేదు. మిషన్ను కొట్టినట్టే కొట్టేవాడు. ఏడాదికో కీబోర్డు చచ్చేది. దాని అట్టపెట్టె తిప్పి చూసి, "డ్యూరబుల్ అని రాసినారే" అని నవ్వేవాడు.

మహా నిదానం. మిగతా షాపుల్లో పది కాగితాలు అయ్యేలోగా ఈయన దగ్గర రెండు. అయినా జనం కదలరు. చాలాకాలం నేను దాన్ని జనం అమాయకత్వం కింద జమకట్టాను. అది నా అమాయకత్వం అని తెలియడానికి ఆరేళ్లు పట్టింది.

ఆయన రాసేది తక్కువ, అడిగేది ఎక్కువ. బత్తలపల్లె నుంచి ఒకాయన మోకాలి నొప్పి గురించి ఇన్సూరెన్సుకు రాయించడానికి వచ్చాడు. నేను అప్పటికే 'పర్మనెంట్ పెయిన్' అని కొట్టేశాను. సార్ తన కుర్చీని ఇటు తిప్పాడు.

"ఏమప్పా, నొప్పి వచ్చి పోతాదా, వచ్చి కూర్చునిందా?"

"పొద్దున లేస్తానే ఉంటాది సార్. ఎండెక్కితే తగ్గుతాది. చలికాలం మల్లా పట్టుకుంటాది."

"ఎన్నేండ్లాయె?"

"మా పెద్దోడు పుట్టినప్పటి నుంచి."

"పెద్దోనికి వయసెంత?"

"మొన్న పెండ్లి చేస్తిమి సార్."

సార్ నా వైపు చూశాడు. "క్రానిక్ అని కొట్టు. పర్మనెంట్ అని పోయిందనుకో, కాలు తీసేసినారా అని డాక్టరు కాయితం అడుగుతారు. ఈయప్ప యాడికి పోతాడు దానికి?"

ఇంకోసారి ఒక హెడ్మాస్టరుకు సన్మానపత్రం రాయించడానికి నలుగురు టీచర్లు వచ్చారు. 'ఎటర్నల్ సర్వీసెస్' అని పెట్టమన్నారు. సార్ కీబోర్డు మీద చేతులు అట్లాగే ఉంచి, "ఎటర్నల్ అంటే ఆయన రిటైరే కాడు. మీకు సమ్మతమేనా?" అన్నాడు. నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "లాంగ్ అని పెట్టండి సార్" అన్నారు, నలుగురూ ఒకేసారి.

మోటారు కాలిపోయిన రైతు ఒకాయన కంపెనీని ఇంగ్లీషులో బూతులు తిట్టించాలని వచ్చాడు. సార్ రెండు ముక్కలు రాశాడు. 'మీ పెట్టె మీద డ్యూరబుల్ అని ఉంది. మాది మూడు నెలలకు కాలింది. డ్యూరబుల్ అంటే మీ లెక్కలో ఎన్ని నెలలో తెలియజేయగలరు.' నెల తిరక్కుండా కొత్త మోటారు వచ్చింది. తిట్టలేదని ఆ రైతుకు మాత్రం ఇప్పటికీ కొంచెం అసంతృప్తే.

సార్ తడబడింది ఒక్కసారే. పద్నాలుగేళ్ల నుంచి 'టెంపరరీ'గా పనిచేస్తున్న ఒక పంపు ఆపరేటరు వచ్చాడు. సార్ ఒక మాట కొట్టి చెరిపేశాడు. "మన టెంపరరీని ఇంగ్లీషోడు చూడలేదప్పా. చూసింటే మాట పెట్టింటాడు" అని, చివరికి 'టెంపరరీ వితౌట్ బ్రేక్' అని కొట్టాడు. ఆపరేటరు దాన్ని రెండుసార్లు చదివించుకుని, "బాగుండాది సార్, బ్రేకు లేని లారీ మాదిరి" అన్నాడు. ఆయనింకా పర్మనెంట్ కాలేదని విన్నాను. లారీ మాత్రం ఆగలేదు.

ఓబులమ్మక్క బావి

ఇప్పుడు నా సంగతి.

గార్లదిన్నె దగ్గర పల్లె నుంచి ఓబులమ్మక్క వచ్చింది. భర్త పోయాక నాలుగెకరాల చీనీ తోటను ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. మూడు వందల డెబ్బై చెట్లు, తొమ్మిదేళ్ల తోట. చీనీ అంటే బత్తాయి. ఆ చెట్టు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఐదారేళ్లు నీళ్లు పోసి సాకితే గానీ సరైన కాపుకు రాదు. ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పాయా, నరికి కట్టెలు పేర్చుకోవాల్సిందే. నీళ్లకు ఏ ఆధారమూ లేని తోటలకు ఎండాకాలమంతా ట్యాంకర్లతో నీళ్లు తోలిస్తామని బెంగళూరు ట్రస్టు ఒకటి ముందుకొచ్చింది. ఫారం ఇంగ్లీషులో. ఆఖరి తేదీ ఆ రోజే. బెంచీ మీద ఇంకో తొమ్మిదిమంది. మాబు సార్ ధర్మవరంలో పెళ్లికి పోయాడు.

"నీళ్లు యాడివక్కా?" అన్నాను, నీటి వనరును వర్ణించమన్న గడి దగ్గర ఆగి.

"రెండు బోర్లుండె. రెండూ పాయె. బాయి ఉండాది."

"ఎట్లాంటి బాయి?"

"మా మామ వాళ్ల తాత తవ్విచ్చినాడప్పా. ఎన్నో ఏండ్ల బాయి. రాతికట్టడం. ఎన్ని కరువులొచ్చినా ఒక్క రాయి కదల్లే."

అన్ని కరువులను చూసి నిలబడిన బావి! నా వేళ్లకు భక్తి పుట్టింది. అంతటి బావికి మామూలు మాట వేస్తే బాగుండదనిపించింది. 'పెరెన్నియల్ ఓపెన్ వెల్' అని కొట్టాను.

ఆ మాటకు అర్థం నాకు తెలియక కాదు. పెరెన్నియల్ అంటే జీవనది అని స్కూల్లో చదివాను. కానీ మా వీధిలో ఆ మాట వాడేది ఒక్క 'ప్రాబ్లం'కు ముందే. పెరెన్నియల్ ప్రాబ్లం. వందలసార్లు కొట్టాను. మా పెన్న ఎక్కువ రోజులు ఇసుకే. ఏడాది పొడుగునా తప్పకుండా పారేది సమస్య ఒక్కటే. కొట్టి కొట్టి ఆ మాటలోని నీళ్లు నా దగ్గరే ఇంకిపోయాయి. 'ఏండ్ల తరబడి ఉన్నది' అన్న అర్థం మాత్రం మిగిలింది. బెంగళూరులో చదివేవాళ్లకు నీళ్లు అలాగే ఉన్నాయి.

"బావిలో నీళ్లున్నాయా?" అని నేను అడగలేదు. ఐదో తరగతి పిల్లాడైనా అడిగేవాడు.

మూడు వారాలకు ఓబులమ్మక్క ఒక కవరు పట్టుకుని వచ్చింది. "నా పేరు రాలేదప్పా. ఏమని రాసినారో చదువు."

చదివాను. 'దరఖాస్తుదారుకు పెరెన్నియల్ నీటి వనరు ఉన్నది.' నా మాటే. జాగ్రత్తగా దించుకున్నారు.

"ఏమంటారు?"

"నీళ్లుండాయంటారక్కా."

"యాడ?"

"బాయిలో."

"ఎవురు చూసినారంట? నేను దినామూ చూస్తాండా, నాకు కనపళ్లేదే."

"పెద్ద ఆఫీసులు అంతేలేక్కా" అన్నాను. పదహారేళ్లలో నా నుంచి వెలువడిన అతి నీచమైన వాక్యం అది. అందులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

ఆమె బెంచీ మీద కూర్చుంది. "ఆకు ముడుచుకుంటాండాది. ఇంగ పదైదు దినాలు. అంతే" అంది, బస్సు టైము చెప్పినట్టు. ఏడ్చినా నాకు కొంచెం సులువుగా ఉండేది.

పక్క టేబుల్ నుంచి చేయి చాపాడు మాబు సార్. "ఆ కాయితం ఇట్లియ్." చదివాడు. బీరువాలోంచి మా కాపీ తీశాడు. అదీ చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఉరుము కోసం ఎదురుచూశాను. రాలేదు.

"శీనా, అక్క బాయిలో నీళ్లు పోసినావు. కాయితం మింద."

"సార్..."

"పోసినోడివి నువ్వే తోడల్ల."

ఆమె వైపు తిరిగి మామూలు గొంతుతో చెప్పాడు. "అమ్మా, ఆఫీసోళ్ల తప్పు లేదు. తప్పు మాది. మీ బాయిలో ఏడాదంతా నీళ్లుంటాయని మావోడు రాసినాడు."

ఓబులమ్మక్క నా వైపు తిరిగింది. "ఏమప్పా, నా మింద ఏమన్నా కోపమా నీకు?"

"లేదక్కా."

"మల్ల యాల రాస్తివి?"

"మాట బాగుందని."

ఆమె కొంచెం ఆలోచించింది. "మాట బాగానే ఉండాది లే. నీళ్లే లేవు."

రాయి

సవరణ ఉత్తరం నేనే రాస్తానన్నాను. పేజీన్నర వచ్చింది. నెర్రెలిచ్చిన నేల ఉంది, కనికరం లేని సూర్యుడున్నాడు, చివర్లో ఒక అబల కన్నీరు కూడా పెట్టాను. సార్ చదివి, "ఈ కన్నీరు ఎవురిది? ఆమె ఏడ్చిందా?" అన్నాడు.

"లేదు సార్."

"నేల నువ్వు చూసినావా?"

"లేదు సార్."

"పద."

పొద్దున పదకొండుకు షాపు షట్టరు దించడం నేను అదే మొదటిసారి చూశాను. బెంచీ మీదివాళ్లను సాయంత్రం రమ్మన్నాడు. ఓబులమ్మక్క బస్సెక్కింది, మేము సార్ స్కూటరు మీద వెనకాలే పోయాం.

బావి గురించి ఆమె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నాలుగు పక్కలా చెక్కిన రాతి మెట్లు. ఎక్కడా రాయి కదల్లేదు. సున్నం కూడా పెట్టని కట్టడం అన్నేళ్లు అట్లా నిలబడింది. అడుగున ఎండి పగిలిన బురద, ఒక చెప్పు, రెండు పావురాలు. నేనొక రాయి తీసుకుని లోపలికి వేశాను. టక్ మంది. పావురాలు లేచిపోయాయి.

"రాయి ఏసినావు గదా," అన్నాడు సార్. "ఇప్పుడు రాయి."

చీనీ చెట్ల నీడలో, ఉన్నంత నీడలో, కూర్చున్నాం. సార్ ఆమెను అడిగాడు, "నీళ్లు ఎప్పుడు పోయినాయమ్మా?"

"శివరాత్రికి అడుగు మెట్టు కనపడె. ఉగాదికి బురద. ఇంగ అంతే."

"మల్లా వస్తాయా?"

"గట్టి వాన పడితే వస్తాయి. మూడేండ్ల కిందట వచ్చినాయి."

నేను మాటలు వెతకడం మొదలుపెట్టాను. "సీజనల్ అందామా సార్?"

"సీజను సీజనుకూ వచ్చినాయా?"

"లేదు. ఇంటర్మిటెంట్? వచ్చి పోయేది అని."

"దాన్ని నలుగురు నాలుగు రకాలు చదువుతారు. ఒకసారి సాలదా నీకు? ఇది పాత బాయి. పాతకు ఏమంటారు?"

"ఓల్డ్."

"రాయి. మూడక్షరాలు."

ఉత్తరం నాలుగు వాక్యాలైంది. బావి పాతది. ఉగాది నుంచి అందులో నీళ్లు లేవు. బోర్లు రెండూ ఎండాయి. పెరెన్నియల్ అన్న మాట టైపిస్టు తప్పుగా వేసింది, దరఖాస్తుదారు చెప్పింది కాదు. కింద నా పేరు, నా సంతకం. ఆ నాలుగో వాక్యం దగ్గర నేను నసిగాను. "షాపు పేరు పోతాదేమో సార్."

"పోతే మల్లా పెట్టుకుందాం. బోర్డు రాసేటోడు ఎదురుగానే ఉండాడు."

ఆ సాయంత్రమే మెయిల్లో పంపాం. మరునాడు ట్రస్టు నుంచి ఒక మేడం ఫోను చేసింది. సగం కన్నడం, సగం తెలుగు. "ఈ టైపిస్టు ఎవరు?"

"నేనే మేడం."

"పెరెన్నియల్ అంటే ఏంటో తెలియదా మీకు?"

"తెలుసనుకున్నాను మేడం."

"బావి వీడియో తీసి పంపించండి."

ఓబులమ్మక్క పక్క పొలం ఆయన ఫోనులో తీసి పంపాడు, ఇంకో రాయి వేసి మరీ. ఆ 'టక్' బెంగళూరులో స్పష్టంగా వినిపించిందట. అన్నేళ్లలో నేను పంపిన ఏ ఇంగ్లీషూ అంత స్పష్టంగా లేదు.

పన్నెండో రోజు తోటలోకి ట్యాంకరు వచ్చింది. మిట్ట మీదున్న వరసలకు అది ఆలస్యం. అరవై చెట్లు ఎండిపోయాయి. మిగతావి తేరుకున్నాయి. మొదటి లిస్టులోనే పేరు వచ్చుంటే ఆ అరవై కూడా ఉండేవి. ఈ వాక్యాన్ని తేలికచేసే జోకు నా దగ్గర లేదు. వెతికాను.

చదివి చెప్పడం

అప్పటి నుంచి షాపులో ఒక పద్ధతి వచ్చింది. సంతకానికి ముందు ఇంగ్లీషు కాగితాన్ని మళ్లీ తెలుగులో, మాట మాటకూ, ఎవరిదో వాళ్లకే చదివి చెప్పాలి. జనం విసుక్కుంటారు. "నేను చెప్పిందే మల్లా నాకు చెప్తావేందప్పా, బస్సు పోతాది" అంటారు. పోనివ్వండి. ఇంకో బస్సు వస్తుంది.

ఇప్పుడు ఫోనులో ఎన్నో ఏళ్ల బావి అని మాట్లాడితే చాలు, ఇంగ్లీషు దానంతటదే వచ్చేస్తుంది. బావిలో నీళ్లున్నాయా అని ఫోను అడగదు. నేనూ అడగలేదు కాబట్టి దాన్ని తిట్టే హక్కు నాకు లేదు. కొత్తగా కూర్చునే మీకు నేను చెప్పగలిగింది ఇంతే: ఎంత కాలం నుంచి ఉంది అని అడిగి ఆగిపోకండి. ఎట్లా ఉంది అని అడగండి. వచ్చి పోతుందా, కూర్చుందా, నిలబడిందా, ఎండిందా. మాట దానంతటదే దొరుకుతుంది. చాలాసార్లు అది చిన్నదే.

మాబు సార్‌ను కొందరు మహానుభావుడు అంటారు. ఆ మాట టైపు చేసి ఆయన ముందు పెడితే గీత కొట్టేసి 'నిదానం మనిషి' అని రాస్తాడు. సరే, నేనూ అదే రాస్తాను. పదహారేళ్లలో అంతకన్నా గట్టి మనిషిని నేను చూడలేదు, ఒక్క ఓబులమ్మక్కను తప్ప.

ఆమె మరుసటి ఏడు మళ్లీ వచ్చింది. ట్రస్టు రెండో ఏటి ఫారం పంపింది. వీధిలో పది షాపులున్నాయి, వాటిలో సగం మాకన్నా చల్లగా ఉంటాయి. నేరుగా వచ్చి నా ముందే కూర్చుంది.

"వేరేవాళ్ల దగ్గరికి పోతావనుకుంటినక్కా."

"వాళ్లకు ఈ తప్పు ఇంగా తెలీదు గదా. నీకు తెల్సు."

ఫారం నింపాను. బావి దగ్గర ఓల్డ్ అని వేశాను, నీళ్లు లేవని వేశాను. చెట్లెన్ని అన్నాను. "మూడొందల పది" అంది, ఏ తడబాటూ లేకుండా. అయిపోయాక తెలుగులో చదవడం మొదలుపెట్టాను. "బతికి ఉన్న చెట్లు మూడు వందల పది" దగ్గరికి రాగానే చేయెత్తి ఆపింది.

"బతికుండేవి అనేదానికి ఏం మాట కొట్టినావు?"

"సర్వైవింగ్ అక్కా."

"దాంట్లో ఎన్నాళ్లు ఉంటాయని ఏమన్నా ఉండాదా?"

"లేదక్కా. ఈ పొద్దుకు ఉండాయి అని, అంతే."

తనకు చదవడం రాని ఆ అక్షరాలను కంప్యూటరు మీద కాసేపు చూసింది.

"అట్లయితే సరే. సంతకం యాడ పెట్టల్ల?"